గాలి కలపని లెక్క

టీచరమ్మ పోయి ఆరు రోజులైంది. మా విమానాశ్రయం నుంచి ఊపిరితిత్తుల ఆసుపత్రి ఉన్న ఊరికి ఆవిడను తీసుకెళ్ళిన చిన్న విమానంలో ఆక్సిజన్ సిలిండరు దారిలోనే ఖాళీ అయింది. ప్రయాణం ఎంతసేపని మా ఊరి ఆసుపత్రివాళ్ళు ముందే ఫోను చేసి అడిగారనీ, విమానాల టైములు లెక్కగట్టే మా ప్లానింగ్ గది నుంచి వాళ్ళకు తప్పు టైము వెళ్ళిందనీ ఊరంతా చెప్పుకుంటోంది. ఆ గదిలో పగటి డ్యూటీ నాది ఒక్కదానిదే. నేను ఎవరికీ ఏ టైమూ చెప్పలేదు. ఆ మాట నమ్మేవాళ్ళు మాత్రం రోజురోజుకీ తగ్గిపోతున్నారు. రేపు ఉదయం పదింటికి విచారణ.

మధ్యాహ్నం మూడింటికి, విమానంలో టీచరమ్మ పక్కన కూర్చుని వెళ్ళిన నర్సు మా ఇంటి మెట్ల దాకా వచ్చింది. లోపలికి రాలేదు. "నిన్ను అనుమానించాను, ఏమనుకోకు. మా ఆసుపత్రిలో ఫోన్లు చూసే ఆవిడని ఇవాళ గట్టిగా నిలదీశాను. ఆ రోజు మీ గదిలో ఫోనెత్తింది మగమనిషట. టైము చెప్పి, చివర్లో 'ఒక్క చుక్క తేడా రాదమ్మా' అన్నాడట. అలా మాట్లాడేవాళ్ళు మీ దగ్గర ఎవరున్నారో చూసుకో," అని వెళ్ళిపోయింది.

చూసుకోవలసిన పని లేదు. ఆ మాట మా విమానాశ్రయంలో ఒక్కరిదే.

మా నాన్న విమానాలకు ఇంధనం పోసే బండి నడుపుతాడు. ఇరవై ఏడేళ్ళుగా అదే పని. అందరూ లీటరన్న అంటారు. పైలట్ మూడు వందల పది అంటే మూడు వందల పదే పోస్తాడు, పదకొండు పోయడు. పోసిన ప్రతిసారీ గొట్టం చుట్టుకుంటూ "ఒక్క చుక్క తేడా రాదు" అంటాడు. నాన్నకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం నా కంటే వేగంగా చదువుతాడు.

నేను మెట్లెక్కి లోపలికి వచ్చేసరికి నాన్న బీరువా అద్దం ముందు నిలబడి అద్దంతో మాట్లాడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. నాలుగింటికి బడిలో టీచరమ్మ సంతాప సభ. అమ్మ కుర్చీలు సర్దడానికి ముందే వెళ్ళింది. నాన్నను రెండు మాటలు చెప్పమని అడిగారు. జన్మలో నలుగురి ముందు నోరు విప్పని మనిషి మూడు రోజుల నుంచి ఆ రెండు మాటలే నూరుతున్నాడు.

"అందరికీ నమస్కారం. టీచరమ్మ నా కోసం మూడుసార్లు వచ్చింది. మొదటిసారి నేను ఇంట్లో లేనని చెప్పించాను. రెండోసారి విమానాశ్రయానికే వచ్చింది, నేను బండి కింద దూరాను. మూడోసారి కూడా దూరాను, ఆవిడ వంగి బండి కిందికి చూసింది. 'లీటరన్నా, ట్యాంకులో ఎంతుందో చూడకుండా విమానాన్ని పంపుతావా? మరి నీ కూతురి బుర్రలో ఎంతుందో చూడకుండా చదువు ఎందుకు మాన్పిస్తావు?' అంది." అద్దంలో నన్ను చూసి ఆగాడు. "ఏమ్మా, బాగుందా? బండి కింద దూరానంటే నవ్వుతారేమో?"

"నవ్వనీ నాన్నా."

"సంతాప సభలో నవ్వొచ్చా?"

"టీచరమ్మ ఉంటే ముందు ఆవిడే నవ్వేది."

"అదీ నిజమే," అన్నాడు. అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ పట్టుబట్టకపోతే నేను పదో తరగతితో ఆగిపోయేదాన్ని. మా రెండు వైపుల చుట్టాల్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఇప్పుడు ఈ మనిషిని ఆ ప్రశ్న ఎలా అడగాలో ఆ డిగ్రీలో ఎక్కడా చెప్పలేదు.

అడిగేశాను. "నాన్నా, ఆ రోజు నేను గాలి చీటీ తేవడానికి వాతావరణం షెడ్డుకు వెళ్ళినప్పుడు నువ్వు నా గదిలో ఉన్నావా?"

నాన్న దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "ఏమీ ముట్టుకోలేదమ్మా. కుర్చీలో కూడా కూర్చోలేదు. నిలబడే ఉన్నా."

ఎందుకలా అన్నాడో నాకు తెలుసు. రెండు నెలల కింద నాన్న ఖాళీ దొరికినప్పుడు నా గదికి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, బల్ల మీది కాగితాలు సర్దుతుంటే మేనేజరు చూశాడు. మేనేజరు ఏమీ అనలేదు. నేనే అన్నాను, అందరి ముందూ. "ఇది ఆఫీసు నాన్నా, ఇల్లు కాదు. ఏదీ ముట్టుకోకు." అప్పటి నుంచి నాన్న వచ్చినా గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

"ఫోన్ ఎత్తావా?"

"అది మోగుతూనే ఉందమ్మా. ఆగింది. మళ్ళీ మోగింది. నువ్వు వస్తావేమోనని కిటికీలోంచి చూశా. మూడోసారి కూడా మోగితే ఎత్తి, అమ్మాయి లేదు, కాసేపాగి చేయండి అన్నా. అవతల ఆవిడ, 'టీచరమ్మను తీసుకెళ్ళే విమానం కోసమండీ, సిలిండరు నింపాలి, ఎంతసేపు పడుతుందో అర్జెంటుగా కావాలి' అంది. టీచరమ్మ కోసమంటే ఎలా పెట్టేస్తాను చెప్పు?"

"ఏం చెప్పావు?"

ఇప్పుడు నాన్న ముఖం కొద్దిగా విచ్చుకుంది. "నోటికొచ్చింది చెప్పలేదు. గోడ మీది నీ చార్టు చూసి చెప్పా. ఊళ్ళ పేర్లు నాకు రావు కదా, దూరం పట్టుకుని వెతికా. ఆ ఊరికి పోయే పైలట్లు ఎప్పుడూ రెండొందల ఎనభై మైళ్ళు, రెండొందల ఎనభై మైళ్ళు అంటుంటారు. ఆ అంకె ఎక్కడుందా అని చూస్తే కుడి పక్క చివరి గడిలో దొరికింది. దాని కింద ఒకటి, చుక్క, ఇరవై నాలుగు. గంటా ఇరవై నాలుగు అని చెప్పా. రెండుసార్లు చెప్పించుకుంది, రెండుసార్లూ అదే చెప్పా."

నేను మంచం మీద కూర్చున్నాను.

"తొందరపడ్డానంటావేమో, లేదు," అన్నాడు నాన్న. "బాణం ఉందేమో కూడా చూశా."

"ఏ బాణం?"

"అదేనమ్మా, గాలి మాస్టారి చార్టులో ఉండేది కదా, ఎర్రది. 'లీటరన్నా, బాణం ఉన్న గడిలో అంకెని నమ్మకు, అక్కడ గాలి ఉంటుంది, నన్ను అడగందే ఎవరికీ చెప్పకు' అనేవాడు. ఆయన టీకి వెళ్ళినప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే నేనే చూసి చెప్పేవాణ్ణి, బాణం ఉంటే ఆగమనేవాణ్ణి. నీ చార్టులో ఆ గడికి బాణం లేదు. వేలు పెట్టి మరీ చూశా. బాణం లేదు కాబట్టి గాలి లేదనుకుని ధైర్యంగా చెప్పా."

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం మారదు కాబట్టి చార్టులో దూరం రాస్తాం. దాని కింద, గాలి అసలు వీచకపోతే ఎంతసేపు పడుతుందో ఆ టైము రాస్తాం. అది అసలు టైము కాదు. ఏ రోజు గాలి ఆ రోజు చీటీ మీద వస్తుంది, దాన్ని కలుపుకునో తీసేసుకునో అసలు టైము కడతాం. ఊపిరితిత్తుల ఆసుపత్రి మాకు పడమర. ఆ దిక్కు నుంచి ఏడాదిలో ఎనిమిది నెలలు ఎదురుగాలి. నాకు పని నేర్పిన పెద్దాయనను అందరూ గాలి మాస్టారు అనేవాళ్ళు. ఆయన తన చార్టులో పడమర గడులన్నింటి పక్కనా ఎర్ర పెన్సిలుతో వంకర టింకర బాణాలు గీసుకున్నాడు.

పోయినేడు ఆయన రిటైరయ్యాక ఆ చార్టును నేను కొత్తగా రాశాను. స్కేలు పెట్టి గీతలు, నల్ల సిరాతో గుండ్రటి అంకెలు. బాణాలు మాత్రం రాయలేదు. చిన్న పిల్లలు గోడ మీద గీసినట్టున్నాయి అనిపించింది. ఈ గదిలో కూర్చునేవాళ్ళకు గాలి కలపాలని ఒకరు బొమ్మ గీసి చెప్పాలా అనుకున్నాను. మేనేజరు చూసి, "ఇప్పుడు ఇది ఆఫీసులా ఉంది," అన్నాడు. ఆ పొగడ్త ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను కూడా.

ఆరు రోజుల నుంచి నేను గాలి కలపకుండా టైము చెప్పినవాడు ఎవడా అని వెతుకుతున్నాను.

"తప్పు చదివానా అమ్మా?" నాన్న గొంతు చిన్నదైంది.

"లేదు నాన్నా," అన్నాను. "సరిగ్గానే చదివావు."

"నాకు తెలుసు!" బరువు దించుకున్నట్టు నిట్టూర్చాడు. "నేను ఫోనెత్తానని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చదువురానివాణ్ణి గదిలోకి ఎందుకు రానిచ్చావని నీ ఉద్యోగానికి వస్తుందేమోనని. నా మనసులో మాత్రం నిబ్బరంగానే ఉన్నా. ఎందుకంటావా? నువ్వు రాసిన అంకె అది. నువ్వు లెక్క కట్టి రాసింది తప్పెలా అవుతుంది? ఆ సిలిండరు నింపినవాళ్ళే ఎక్కడో దొంగ పని చేశారు. టైముకు పైన ఇంకో అరగంటకు సరిపడా నింపుతారట కదా, అయినా చాలలేదంటే ఎంత తక్కువ నింపారో చూడు. రేపు విచారణలో వాళ్ళను వదలకు తల్లీ. టీచరమ్మ మీద ఆన."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఆ రోజు గాలి చీటీ మీద గంటకు అరవై మైళ్ళ ఎదురుగాలి అని ఉందనీ, విమానం గంటా ఇరవై నాలుగు కాదు, రెండు గంటలు ఎగిరిందనీ చెప్పాలి. నోరు తెరిచాను. నాన్న అద్దం వైపు తిరిగి "అందరికీ నమస్కారం" అన్నాడు. నా నోరు మూసుకుపోయింది. సభ అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. పిరికితనానికి ఎప్పుడూ ఒక గంట వాయిదా దొరుకుతుంది.

అప్పుడే వీధి తలుపు దగ్గర, "లీటరన్నా, తయారా?" అని కేక వినిపించింది.

టీచరమ్మ భర్త. నలభై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. ఆ రోజు విమానంలో చోటు లేక ఆయన్ని ఎక్కించుకోలేదు. కంచె అవతల నిలబడి చెయ్యి ఊపారు. ఇప్పుడు భుజాన పాత టికెట్ల సంచీ వేసుకుని వచ్చారు. గడ్డం గీసుకున్నారు, చెంప మీద రెండు చోట్ల తెగింది.

"సభకు ఇంకా పావుగంట ఉంది బాబాయ్, కూర్చోండి," అన్నాను.

"అందుకే ముందు వచ్చాను తల్లీ. నీతో పనుంది." కుర్చీ లాక్కుని, సంచీలోంచి మడత కాగితం తీశారు. "ఇవాళ అందరూ లేచి ఒకటే మాట చెబుతారు. టీచరమ్మ హాయిగా, ప్రశాంతంగా వెళ్ళిపోయింది అంటారు. నేను ముందు వరసలో కూర్చుంటాను. అప్పుడు నేను తలూపాలా, వద్దా?"

నాకేమీ అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"నర్సమ్మనడిగితే 'కాసేపు' అంటుంది. డాక్టరునడిగితే 'ఎంతోసేపు కాదు' అంటాడు. నేను బతుకంతా టైము చూసుకుంటూ బతికినవాణ్ణి. నా బస్సులో 'కాసేపు' అనే స్టాపు లేదు. ఆసుపత్రి కాగితం తెచ్చాను, అన్ని టైములూ ఇందులో ఉన్నాయి. మా ఆవిడ ఎప్పుడూ అనేది, నా దగ్గర చదివినవాళ్ళలో లెక్క తప్పనిది ఈ పిల్లేనని. లెక్క కట్టి చెప్పు. గాలి అందక ఎన్ని నిమిషాలు కొట్టుకుంది?"

"ఎందుకు బాబాయ్ ఇప్పుడు..."

"నాకు కావాలి."

నాన్న అద్దం దగ్గర నుంచి కదల్లేదు. పెదాలు మాత్రం మెల్లగా కదులుతున్నాయి, ఇంకా తన రెండు మాటలు వల్లె వేసుకుంటున్నాడు.

కాగితం తీసుకున్నాను. పెన్సిలు తీసుకున్నాను. సిలిండరు తగిలించింది ఒంటి గంటా పది నిమిషాలకు. అందులో నింపింది నూట పద్నాలుగు నిమిషాలకు సరిపడా. ప్రాణం పోయిందని నర్సు రాసింది మూడు గంటల పదమూడు నిమిషాలకు. బడిలో ఆవిడ నేర్పినట్టే కలిపాను, తీసేశాను, ఇంకోసారి సరిచూసుకున్నాను. లెక్క చేసినంతసేపూ అది లెక్కే. చివర జవాబు కింద గీత గీయబోయేసరికి చెయ్యి ఆగిపోయింది.

"సిలిండరు మూడూ నాలుగుకు అయిపోయింది బాబాయ్. తొమ్మిది నిమిషాలు."

"తొమ్మిది," అన్నారాయన. "మా రూటులో తొమ్మిది నిమిషాలంటే బజారు నుంచి పాత వంతెన దాకా. ఆ మధ్యలో రెండు స్టాపులున్నాయి. ఒక ముసలాయన ఎక్కి, చిల్లర వెతుక్కుని, సీటు చూసుకుని కూర్చుని, నాతో వాళ్ళ కోడలి మీద ఫిర్యాదు మొత్తం చెప్పేసేవాడు. అంత టైము." తల అడ్డంగా ఊపారు. "తలూపను అయితే. ఎవరేమనుకున్నా సరే."

నేను కాగితం మడిచి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఇంకో వరస చూపించారు.

"ఇది నాకు అంతుపట్టలేదు తల్లీ. ఎగిరింది ఒకటీ ఇరవైకి. దిగింది మూడూ ఇరవైకి. అంటే రెండు గంటలు. రెండు గంటల దారికి అరగంట ఎక్కువ వేసి నింపితే నూట యాభై కావాలి. అప్పుడు మూడూ నలభై దాకా వచ్చేది, ఆవిడ దిగి ఆసుపత్రి బండిలో ఎక్కేది. నూట పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది?"

"రెండు గంటలేంటి?" అన్నాడు నాన్న.

ఇద్దరం తిరిగి చూశాం. నాన్న దువ్వెన పట్టుకుని మా దగ్గరికి వస్తున్నాడు. "రెండు గంటలు కాదే. గంటా ఇరవై నాలుగు కదా?"

"నాన్నా, నువ్వు బడికి నడువు, అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"ఉండమ్మా." కాగితం మీదికి వంగాడు. అంకెలు మాత్రమే చదవగలిగిన ఆ కళ్ళు అంకెల మీద ఒక్కొక్కటిగా ఆగాయి. "ఒకటీ ఇరవై. మూడూ ఇరవై." నా వైపు చూశాడు. "ఆ రోజు గాలి ఉందా?"

నేను కాగితం వెనక్కి లాక్కోబోయాను.

"ఉందా అమ్మా?"

"అరవై," అన్నాను. "ఎదురుగా."

నాన్న నిటారుగా నిలబడ్డాడు. "అందుకా," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "ఆ రోజు పైలట్ నూట ఎనభై లీటర్లు ఎక్కువ పోయమన్నాడు. ఇదేమిటి ఇంత అనుకున్నా. ఆయనకు తెలుసు. అందుకే పోయించుకున్నాడు. నా చేత్తోనే పోశాను. పోస్తూ కూడా నాకు తట్టలేదు." మళ్ళీ నా వైపు తిరిగాడు. "మరి ఆ గడికి బాణం..."

అక్కడ ఆగిపోయాడు.

నాన్న ముఖాన్ని ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నాను. అది అలా మారడం ఎప్పుడూ చూడలేదు. నా మీద కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. రోడ్డు మీద పడబోయే పిల్లను చూసినట్టు చూశాడు.

కండక్టరు బాబాయ్ కళ్ళజోడు తీశారు. "లీటరన్నా, ఈ గంటా ఇరవై నాలుగు అనే మాట నీకెక్కడిది? ఊళ్ళో అందరూ తప్పు టైము చెప్పారంటున్నారే తప్ప, ఏ టైము చెప్పారో ఎవరికీ తెలియదు. నాకే తెలియదు. ఆ ఫోనులో చెప్పినవాడికి, విన్నవాళ్ళకి తప్ప."

"నేనే చెప్పాను," అన్నాను.

"నేనే," అన్నాడు నాన్న, అదే క్షణంలో.

బాబాయ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు, టికెట్ లేకుండా ఎక్కిన ఇద్దరిలో ఎవరు ముందు నిజం చెబుతారా అని చూసే కండక్టరులా. ఆయన కళ్ళల్లో మాత్రం ఆ పనితనం లేదు, నీళ్ళున్నాయి.

"అమ్మాయి అబద్ధం చెబుతోంది," అన్నాడు నాన్న. "ఆ టైముకు తను గదిలోనే లేదు, షెడ్డు వాళ్ళనడగండి. ఫోనెత్తింది నేను. అమ్మాయి చార్టులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గాలి సంగతీ, బాణాలూ, అన్నీ. నాకు చదవడం రాదు కదా అయ్యా. ఏ గడిలోనో వేలు పెట్టి, ఏదో అంకె చూసి చెప్పేశాను. తప్పు చదివాను."

తప్పు చదివాను. ఇరవై ఏడేళ్ళలో ఒక్క చుక్క తేడా రానివ్వని మనిషి నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! అద్దం ముందు అన్ని రోజులు నూరిన మాటల్లో ఒక్కటి కూడా అంత తడబాటు లేకుండా రాలేదు.

"రేపు పదింటికి వాళ్ళ ముందు ఇదే చెబుతావా?" అని అడిగారు బాబాయ్.

"చెబుతాను."

"నిన్ను పనిలోంచి తీసేస్తారు. అంతటితో పోదు. ఊళ్ళో తలెత్తుకోలేవు. మా ఆవిడ ప్రాణం నీ మీద పడుతుంది."

"పడనీండి," అన్నాడు నాన్న. చొక్కా పై బొత్తాం పెట్టుకోబోయాడు. అది అప్పటికే పెట్టి ఉంది. దాన్ని తడుముతూనే ఉన్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బాబాయ్ కుర్చీని నా వైపు జరుపుకున్నారు, పరీక్ష పేపరు చేతికిచ్చేటప్పుడు టీచరమ్మ చూసినంత నెమ్మదిగా నన్ను చూశారు.

"నువ్వు చెప్పు తల్లీ," అన్నారు. "మీ నాన్న ఎప్పుడైనా, ఎక్కడైనా, ఒక్క అంకె తప్పు చదివాడా?"